విలన్ ఏ ఊరివాడు?

ఆ మధ్య ఒక ఇంగ్లీషు కథకి తెలుగు అనువాదం చదివాను. మూలంలో ఒక పాత్ర ఇంకో పాత్ర చేసిన పనిని 'విలనస్' అంటుంది. తెలుగులోకి వచ్చేసరికి ఆ విశేషణం 'చండాలపు ప్రవర్తన' అయింది. అనువాదం సాఫీగా ఉంది, ఎక్కడా నిఘంటువు వాసన కొట్టలేదు. ఆ ఒక్క మాట దగ్గర మాత్రం ఆగిపోయాను. మాట తప్పని కాదు, మరీ అంత కచ్చితంగా ఎలా కుదిరిందా అని. విలన్‌కీ చండాలానికీ ఉన్న చుట్టరికం ఆ అనువాదకుడికి తెలిసుంటుందని నేను అనుకోను. తెలియకుండానే గురి చూసి కొట్టినట్టు వేశాడు. నా గొడవంతా అక్కడే.

విలన్ మనకెంత దగ్గరివాడో చెప్పక్కర్లేదు. 'ప్రతినాయకుడు' అన్న మాట పరీక్ష పేపర్లో తప్ప ఎవరూ వాడరు. మా గుడివాడ వైపు వాళ్ళకైతే విలన్ స్వయానా పక్కింటి మనిషి. కైకాల సత్యనారాయణది గుడ్లవల్లేరు దగ్గర కవుతరం. దశాబ్దాల పాటు తెర మీద హీరోయిన్లని ఏడిపించి, హీరోల చేత తన్నులు తిని, 1996లో మచిలీపట్నం నుంచి లోక్‌సభకి పోటీ చేస్తే జనం గెలిపించి పంపారు. విలన్ అన్న మాటలో ఏ కొంచెం విషం మిగిలి ఉన్నా అది జరిగేది కాదు. మన నోట్లో అది ఒక వేషం పేరు, ఒక ఉద్యోగం పేరు. అంతకుమించి ఏమీ లేదు.

కానీ ఆ మాట పుట్టింది సినిమాలో కాదు, పొలంలో. లాటిన్‌లో 'విల్లా' అంటే పొలాల మధ్య కట్టుకున్న ఆసామీ ఇల్లు, దాని చుట్టూ ఉండే భూమి. ఆ భూమి మీద పని చేసేవాడు 'విలానుస్'. ఫ్రెంచి మీదుగా నార్మన్ల వెంట ఇంగ్లండు చేరింది. 1086లో రాజు విలియం తన రాజ్యంలో ఏ భూమి ఎవరి కింద ఉందో, ఎంత రాబడి వస్తుందో లెక్క రాయించాడు. దాన్ని డూమ్స్‌డే బుక్ అంటారు. అందులో లెక్కకెక్కిన జనంలో అన్నిటికన్నా పెద్ద గుంపు ఈ విలన్లదే. ప్రభువు అనుమతి లేకుండా ఊరు వదలడానికి లేదు. వారంలో ఇన్ని రోజులని ప్రభువు పొలంలో ఊరికే పని చెయ్యాలి. కూతురి పెళ్ళి చేస్తే ప్రభువుకి సుంకం కట్టాలి. అదీ విలన్ చేసిన నేరం.

ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. మొదట 'తక్కువ పుట్టుక వాడు' అయ్యాడు. అక్కణ్ణుంచి 'మర్యాద తెలియని మోటువాడు'. అక్కణ్ణుంచి 'బుద్ధి తక్కువవాడు, దుర్మార్గుడు'. చివరికి నాటకంలో హీరోకి అడ్డం పడేవాడు. ఇన్ని మెట్లు దిగిన కాలంలో ఆ రైతుకూలీ ఎవర్నీ చంపలేదు, ఎవరి పెళ్ళాన్నీ ఎత్తుకుపోలేదు. దున్నుతూనే ఉన్నాడు. పేర్లు పెట్టే పని మాత్రం అతని చేతిలో లేదు. ఇదే కాలంలో పైనున్నవాడి మాటలు పైకెక్కాయి. 'నోబుల్' అంటే ఒకప్పుడు పేరున్న వంశంవాడు, ఇప్పుడు ఉదాత్తుడు. 'జెంటిల్' అంటే మంచి కుటుంబంలో పుట్టినవాడు, ఇప్పుడు మృదుస్వభావి. సి. ఎస్. లూయిస్ మాటల మీద రాసిన పుస్తకంలో ఈ పద్ధతి గురించి వివరంగా రాశాడు: హోదాని చెప్పే మాటలు మెల్లగా గుణాన్ని చెప్పే మాటలుగా మారిపోతాయి. బందరులో నోబుల్ కాలేజీ ఉంది. 1843లో బడి పెట్టిన రాబర్ట్ నోబుల్ అనే మిషనరీ ఇంటిపేరు అది. విలన్ కాలేజీ ఎక్కడా లేదు. పోనీ, అది జోకనుకోండి.

మన దగ్గర కూడా సరిగ్గా ఇదే జరిగింది. 'నాగరికం' నగరం నుంచి వచ్చింది, 'గ్రామ్యం' గ్రామం నుంచి. అలంకారశాస్త్రంలో గ్రామ్యం ఒక దోషం. అంటే ఊళ్ళో మనిషి మాట్లాడినట్టు రాస్తే తప్పు. వందేళ్ళ కిందట గిడుగు రామమూర్తి వాడుక భాషలో రాయండి అన్నప్పుడు అవతలి పక్షం విసిరిన రాయి ఈ మాటే. మీరిప్పుడు చదువుతున్న ఈ వాక్యం ఆ లెక్కన పక్కా గ్రామ్యం. గిడుగు పక్షం గెలిచింది కాబట్టి ఆ తిట్టు చచ్చిపోయింది. ఇప్పుడెవరైనా నా వ్యాసాన్ని గ్రామ్యం అంటే నాకు నవ్వొస్తుంది తప్ప దెబ్బ తగలదు.

మా కృష్ణా డెల్టా ఇలాంటి తిట్లు బాగానే పండించింది. మొవ్వ పక్కన కూచిపూడి ఉంది. అక్కడివాళ్ళని భాగవతులు అంటారు, వాళ్ళు ఆడింది భాగవతం. జనం నోట్లో అది బాగోతం అయింది. ఇప్పుడు 'నీ బాగోతం బయటపెడతా' అంటే ఎవరికీ సత్యభామ జడ గుర్తురాదు. లంచమో, రంకో గుర్తొస్తుంది. ఇంకో చిత్రం ఏమిటంటే, ఆ కళ పెద్ద సభలకి, పట్నం వేదికలకి ఎక్కేటప్పుడు ఊరి పేరు తీసుకుని కూచిపూడి నాట్యం అయింది. బాగోతం అన్న మాటని మాత్రం వెనక్కి, వీధిలో ఆడే మిగతా జట్ల మెడకి తగిలించి పోయింది. పేరు మార్చుకోగలిగినవాళ్ళు మార్చుకుంటారు, తిట్టు మిగిలినవాళ్ళకి. అసెంబ్లీలో గోల జరిగితే టీవీ యాంకర్లు 'చేపల మార్కెట్లా తయారైంది' అంటారు. బందరువాణ్ణి కాబట్టి చెప్తున్నా, చేపల మార్కెట్‌లో అరుపుకి ఒక పని ఉంటుంది. అక్కడ అరుపు అయ్యేసరికి సరుకు అమ్ముడుపోతుంది.

సరే, వీటిని వదిలేద్దాం. బాగోతం మీదా చేపల మీదా నేను వ్యాసం రాసేవాణ్ణి కాదు. చండాలం సంగతి వేరు.

మనుస్మృతి పదో అధ్యాయంలో చండాలుడి బతుకు ఎలా ఉండాలో రాసి ఉంది. ఊరి బయట ఉండాలి. పగిలిన పాత్రల్లో తినాలి. శవాల మీది బట్టలు కట్టుకోవాలి. కుక్కలు, గాడిదలు తప్ప వేరే ఆస్తి ఉండకూడదు. దిక్కులేని శవాలని మోసుకుపోవాలి. అయిదో శతాబ్దం మొదట్లో వచ్చిన చైనా యాత్రికుడు ఫాహియాన్, ఈ మనుషులు పట్నంలోకి వచ్చేటప్పుడు చెక్క మీద కొట్టి చప్పుడు చేస్తూ రావాలని, అది విని జనం తప్పుకుంటారని రాశాడు. దీన్నంతా పట్టుకుని మనం ఏం చేశాం? కూరలో ఉప్పెక్కువైతే చండాలంగా ఉంది అంటున్నాం. ట్రాఫిక్ చండాలం. సెకండాఫ్ చండాలం. నవల ముగింపు చండాలం. కొందరు ఇంకా ఊపు కోసం 'ఛండాలం' అని ఒత్తు పెట్టి రాస్తారు, ఒత్తు పెడితే కులం వదిలిపోతుందన్నట్టు.

నేను కోడ్ రాసి బతికేవాణ్ణి. మా వృత్తిలో మాటల గురించి కొన్నేళ్ళ కిందట పెద్ద చర్చే జరిగింది. 'మాస్టర్', 'స్లేవ్' అన్న పేర్లు తీసేశారు. 'బ్లాక్‌లిస్ట్' బదులు 'బ్లాక్' చేసే లిస్ట్ అన్న అర్థంలో ఇంకో మాట పెట్టారు. 2020 అక్టోబరు నుంచి గిట్‌హబ్ కొత్త ప్రాజెక్టులకి 'మాస్టర్' బదులు 'మెయిన్' అని పెట్టడం మొదలెట్టింది. మా టీమ్‌లో కూడా ఒక వారమంతా కూచుని పాత కోడ్‌లో ఆ మాటలన్నీ వెతికి మార్చారు. ఆ మార్పుల్ని చూడ్డానికి పెట్టిన కాల్‌లో తెలుగువాళ్ళం నలుగురం ఉన్నాం. అందులో ఒకరు పాత కోడ్ చూసి తెలుగులో అన్న మాట: 'ఎవడు రాశాడ్రా ఇంత చండాలంగా?' అమెరికాలో ఎప్పుడో జరిగిన బానిసత్వం కోసం వారం రోజులు పని చేసిన మనుషులం. మన ఊరి బయట పల్లె కోసం ఒక్క మాట మింగలేకపోయాం. ఆ కాల్‌లో నేను అడిగాను. 'అబ్బా, ఇప్పుడు ఆ మాటకి ఆ అర్థం ఎక్కడుందిరా' అని జవాబొచ్చింది.

ఈ జవాబు చాలామందిది, తెలివైనవాళ్ళది కూడా. దాని వెనక ఒక సిద్ధాంతం ఉంది: మాట పుట్టుక వేరు, వాడుక వేరు. 'విలన్' అన్నప్పుడు ఎవరికీ రైతుకూలీ గుర్తురానట్టే 'చండాలం' అన్నప్పుడు ఎవరికీ కులం గుర్తురాదు. పుట్టుక పట్టుకుని మాటని నిషేధిస్తే నిఘంటువు సగం ఖాళీ అవుతుంది. సగం వరకు ఇది నిజం. పుట్టుక ఒక్కటే చాలదు, ఒప్పుకుంటాను. అయితే విలన్ ఎందుకు శుభ్రపడ్డాడో కూడా చెప్పాలి కదా. వాడగా వాడగా అరిగిపోయి శుభ్రపడలేదు. ఇంగ్లండులో 1348లో వచ్చిన ప్లేగుకి జనం సగానికి సగం పోయి కూలి రేట్లు పెరిగాయి, 1381లో రైతులు లండన్ మీద పడ్డారు, ఆ తర్వాత రెండు వందల ఏళ్ళలో ఆ వెట్టి బతుకే లేకుండా పోయింది. ఇవాళ ఇంగ్లండులో ఏ పిల్లాడూ 'మాది విలన్ల ఇల్లు' అని పుట్టడు. ఏ పెళ్ళిలోనూ అది అడ్డురాదు. మా భాషలో చెప్పాలంటే, ఆ పాయింటర్ చూపించే అడ్రసులో ఇప్పుడెవరూ లేరు.

చండాలం చూపించే అడ్రసులో మనుషులు కాపురం ఉంటున్నారు. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు కులాల జాబితా తెరిచి చూడండి. 'చండాల' అన్న పేరు అందులో ఒక కులంగా ఇప్పటికీ ఉంది. మీరు బిర్యానీకి వాడిన విశేషణం ఒక మనిషి కుల ధ్రువీకరణ పత్రం మీద ఉండే అవకాశం ఉన్న మాట. పుట్టుక, వాడుక అని విడదీసే పండితుడు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒకసారి చూడాలి.

అదే జాబితాలో మొట్టమొదటి పేరు ఏమిటో తెలుసా? ఆది ఆంధ్ర. దాని కథ మా వైపుదే. గుడివాడలో సేవాశ్రమం నడిపిన గూడూరు రామచంద్రరావు లాంటివాళ్ళు పూనుకుని 1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాజన సభ పెట్టారు. అధ్యక్షుడిగా హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డి వర్మ వచ్చాడు. వచ్చినవాడు మొట్టమొదట పట్టుకున్నది సభ పేరునే. పంచములు అన్న మాట ఏ పురాణంలోనూ లేదు, మేం అయిదో వాళ్ళం కాదు, ఈ నేలకి మొదటివాళ్ళం అన్నాడు. సభ ఆది ఆంధ్ర మహాజన సభ అయింది. 1922కల్లా మద్రాసు ప్రభుత్వం కూడా కాగితాల్లో ఆ పేరు వాడడానికి ఒప్పుకుంది. బావి నీళ్ళు, బడి, భూమి, ఏ కోరికైనా దాని తర్వాతే. ముందు పేరు.

బెంగాల్లో ఇంకా సూటిగా జరిగింది. అక్కడ చండాల్ అని పిలిపించుకున్న లక్షలమంది ఆ పేరు మాకొద్దని ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టుకుంటే 1911 జనాభా లెక్కల్లో నామశూద్రులని రాశారు. అంటే ఆ మాట గుచ్చుకుంటుందా లేదా అన్న ప్రశ్నకి జవాబు వందేళ్ళ కిందటే, గుచ్చుకున్నవాళ్ళే ఇచ్చేశారు. గుచ్చుకోదని ఇప్పుడు చెప్తున్నది ఎవరు? నాలాంటివాళ్ళు. దివిసీమలో అమ్మమ్మగారి ఊళ్ళో పుట్టాను. ఊళ్ళో, పల్లెలో కాదు. మా వైపు వాళ్ళకి ఈ తేడా విడమర్చి చెప్పక్కర్లేదు.

దివిసీమ అన్నాను కాబట్టి ఒకటి చెప్పాలి. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. పదివేల మందికి పైగా పోయారు. సొర్లగొంది లాంటి ఊళ్ళు ఊళ్ళుగా తుడిచిపెట్టుకుపోయాయి. తర్వాత రోజుల్లో శవాలని తియ్యడానికి, తగలెయ్యడానికి, పూడ్చడానికి ఎక్కడెక్కడి నుంచో మనుషులు వచ్చారు. కాలేజీ కుర్రాళ్ళు, అన్ని పార్టీల కార్యకర్తలు, సంఘాలవాళ్ళు, సన్యాసినులు. అన్ని కులాలవాళ్ళూ ముక్కుకి గుడ్డ కట్టుకుని ఆ పని చేశారు. మా ఇంట్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ వాళ్ళ గురించి చేతులు జోడించి మాట్లాడతారు. సరిగ్గా ఇదే పనిని, దిక్కులేని శవాలని మొయ్యడాన్ని, మనువు చండాలుడికి రాసిపెట్టాడు. పది రోజులు చేస్తే సేవ. తరతరాలుగా చేస్తే తిట్టు.

మా ఊళ్ళల్లో తిరనాళ్ళకి హరిశ్చంద్ర నాటకం పెడితే కాటి సీను కోసమే జనం తెల్లారగట్ట దాకా కూచునేవారట. రాజు వీరబాహుడికి అమ్ముడుపోయి శ్మశానానికి కాపలా కాస్తాడు. జాషువా రాసిన శ్మశానవాటి పద్యాలు ఆ సీన్‌లోకి ఎక్కి, ఒన్స్‌మోర్‌లు కొట్టించుకుని, అందులో భాగమైపోయాయి. ఇంతకన్నా వింత నాకు మన సాహిత్యంలో ఇంకోటి కనపడదు. ఊరు అంటరానివాడన్న కవి పద్యాన్ని, అంటరాని పనికి దిగిన రాజు పాడుతుంటే ఊరంతా ఏడుస్తుంది. రాజుకి ఎంత గతి పట్టిందో అని ఏడుస్తుంది. ముందునుంచీ అదే గతిలో ఉన్న వీరబాహుడి కోసం ఎవరైనా ఒక్క కన్నీటి చుక్క రాల్చారా? అతను ఆ సీన్‌లో కామెడీ.

ఇక్కడ కొందరు శంకరాచార్యుల కథ తెస్తారు. కాశీలో ఎదురొచ్చిన చండాలుడు శంకరుడికే జ్ఞానబోధ చేశాడు, మన సంప్రదాయంలో ఆ మాటకి అంత గౌరవం ఉంది అంటారు. కథ గొప్పదే. కాని ఆ కథ మొదలయ్యేది 'పక్కకి తప్పుకో' అన్న మాటతో. అతను తక్కువవాడని అందరికీ ముందే ఒప్పుదల ఉంటేనే ఆ కథలో ఆశ్చర్యం పండుతుంది.

అయితే కథల్లో పాత్రలు కూడా ఈ మాట వాడకూడదా? వాడాలి. దివిసీమ ఆసామీ పాలేరు మీద నోరు పారేసుకునే సీను రాస్తూ అతని చేత 'మీ ప్రవర్తన అనుచితంగా ఉంది' అనిపిస్తే ఆ కథ నేను చదవను. ఆసామీ నోట్లో ఏముందో అదే రాయాలి, ఇంకా పచ్చిగా రాయాలి. నా పేచీ కథకుడి గొంతుతో, విమర్శకుడి గొంతుతో, అనువాదకుడి గొంతుతో. ఇంగ్లీషు మూలంలో ఏ కులమూ లేని చోట మనం కులం తెచ్చి పెట్టడం అనువాదం కాదు, దిగుమతి సుంకం.

మరి ఏ మాట వాడాలి అంటారా? వెతికితే ముందు బయటపడేది మన తిట్ల పేదరికం. 'వెధవ' విధవ నుంచి వచ్చింది. 'దరిద్రంగా ఉంది' అంటే డబ్బు లేకపోవడం. 'దిక్కుమాలిన' అంటే ఎవరూ లేకపోవడం. మొగుడు పోవడం, డబ్బు పోవడం, అయినవాళ్ళు పోవడం, తక్కువ కులంలో పుట్టడం, ఇవి మన దగ్గర తిట్లు. ఒకటైనా మనిషి చేసిన పని కాదు, అన్నీ మనిషికి జరిగినవి. తప్పు చేసినవాణ్ణి తిట్టాల్సి వచ్చినప్పుడు కూడా కష్టం వచ్చినవాడి పేరు పెట్టి తిడుతున్నాం. 'దుర్మార్గం' అన్న మాట చూడండి. చెడ్డ దారి. దారి అంటే ఎంచుకుని నడిచేది, అందులో నేరం నడిచినవాడిది. విలనస్‌కి నేనైతే అదే వేసేవాణ్ణి. అక్రమం ఉంది, దౌర్జన్యం ఉంది, నిస్సిగ్గు ఉంది, రోత ఉంది. కూరకైతే 'నోట్లో పెట్టలేం' ఉంది. సినిమాకి చెత్త, ఘోరం, కంగాళీ, ఎన్ని కావాలంటే అన్ని ఉన్నాయి.

పుస్తకాల మీద రాసేవాళ్ళకి నా ఫిర్యాదు ఇంకొకటి ఉంది, అది కులంతో సంబంధం లేనిది. 'చండాలంగా ఉంది' అన్న వాక్యం విమర్శ కాదు. చదివినవాడి మొహం ఎలా పెట్టాడో చెప్తుంది, పుస్తకంలో ఏముందో చెప్పదు. ఈ మధ్య ఒక మిత్రుడు ఒక నవల మీద రాసిన సమీక్ష పంపించే ముందు నాకు చూపించాడు. 'ముగింపు మరీ చండాలంగా ఉంది' అని ఉంది అందులో. అంటే ఏంటి అని అడిగాను. కాసేపు తిట్టాడు. తర్వాత ఆలోచించి, 'రెండొందల పేజీలు నడిపించిన అమ్మాయిని ఆఖరి పేజీలో లారీ కింద పడేసి చేతులు దులుపుకున్నాడు' అన్నాడు. అదే రాయమన్నాను. రాశాడు.